రివాల్వర్ ఎంచుకోవడం ఎలా: ఇంటి రక్షణకు, ఒంటి మీద దాచుకోవడానికి

రివాల్వర్ వాడటం తేలిక. దాంతో గురి తప్పకుండా కాల్చడం కష్టం. దుకాణాల్లో మొదటి మాటే చెబుతారు. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లోలా సేఫ్టీ మీట లేదు, మ్యాగజైన్ లేదు, పైన స్లైడ్ లాగక్కర్లేదు, నొక్కితే పేలుతుంది, కొత్తవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి అంటూ అరచేతిలో ఇమిడే నాలుగు వందల గ్రాముల తుపాకీ ఒకటి చేతిలో పెడతారు. తీరా కాల్చి చూస్తే మొదటి ఐదు తూటాలకే అరచెయ్యి మండుతుంది. ఏడు గజాల్లో పెట్టిన కాగితం మీద తూటాలు తలో దిక్కున పడతాయి. ఆ తర్వాత అది సొరుగులోకి వెళ్లి మళ్లీ బయటికి రాదు.

అందుకే ఎంపికలో వరస మార్చాలి. చాలామంది క్యాలిబర్‌తో, అంటే తూటా సైజుతో మొదలుపెడతారు. చూడాల్సిన వరస పని, ట్రిగ్గర్, బరువు, పిడి, ఆ తర్వాతే క్యాలిబర్.

ముందు పని తేల్చుకోండి

ఇంట్లో ఉంచే తుపాకీకి, ఒంటి మీద దాచుకునే తుపాకీకి కావలసిన గుణాలు ఒకదానికొకటి ఎదురు. ఇంట్లో దానికి బరువు వరం. నాలుగు అంగుళాల బ్యారెల్, ఉక్కు ఫ్రేమ్ (భాగాలన్నీ కూర్చే చట్రం), ఆరు లేదా ఏడు తూటాలు, పిడి మీద చిటికెన వేలికి కూడా చోటు. రూగర్ జీపీ100, స్మిత్ అండ్ వెసన్ 686 ఈ కోవలోవే. రెండూ 1.1 కిలోల దగ్గర తూగుతాయి. ఆ బరువే తూటా తన్నును మింగేస్తుంది. నడుము దగ్గర రోజంతా మోయాలంటే మాత్రం అదే శిక్ష.

దాచుకునేదానికి రెండు అంగుళాల చుట్టుపక్కల బ్యారెల్, ఐదు తూటాలు, 400 నుంచి 650 గ్రాముల బరువు. స్మిత్ అండ్ వెసన్ 642 ఖాళీగా సుమారు 410 గ్రాములు. 2009లో వచ్చిన రూగర్ ఎల్‌సీఆర్ .38 రకం ఇంకాస్త తక్కువ, 385 దగ్గర. అదే చిన్న పరిమాణంలో పూర్తి ఉక్కుతో చేసిన రూగర్ ఎస్‌పీ101 అయితే 735 గ్రాముల పైమాటే.

ఒక్కటే కొనగలం, రెండు పనులూ దాంతోనే కావాలి అన్నవాళ్లకి మా సమాధానం మూడు అంగుళాల బ్యారెల్, ఉక్కు ఫ్రేమ్, 650–770 గ్రాముల బరువు. ఇది మధ్యేమార్గం కాబట్టి చెప్పడం లేదు, దీని వెనక ఒక యాంత్రిక కారణం ఉంది. బ్యారెల్ కింద ఉండే ఎజెక్టర్ రాడ్ రెండంగుళాల తుపాకుల్లో పొట్టిగా ఉంటుంది. కాల్చిన కేసులను (తూటాల ఖాళీ గొట్టాలను) పూర్తిగా బయటికి నెట్టేంత దూరం అది కదలదు. కేసులు సగం వచ్చి ఆగిపోతే వేళ్లతో పీకాలి. మూడంగుళాల వాటిలో సాధారణంగా పూర్తి పొడవు రాడ్ పడుతుంది, ఒక్క దెబ్బకి అన్నీ రాలిపోతాయి. గురి చూసుకునే ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం కూడా అంగుళం పెరుగుతుంది కాబట్టి గురిలో తప్పు కంటికి తెలుస్తుంది.

చట్టం గురించి ఒక్క మాట. తుపాకీ ఇంట్లో ఉంచుకునే అనుమతి, దాన్ని దాచి బయట తిరిగే అనుమతి చాలాచోట్ల వేర్వేరు. కొన్ని దేశాల్లో పౌరులకు ఏ క్యాలిబర్ దొరుకుతుందన్నది కూడా చట్టమే నిర్ణయిస్తుంది. మోడల్ వెతకడానికి ముందే ఇది కనుక్కోండి.

ట్రిగ్గర్: వేలు చెప్పిందే వినండి

డబుల్ యాక్షన్ అంటే ట్రిగ్గర్ ఒక్క నొక్కులో రెండు పనులు చేస్తుంది. సిలిండర్‌ని, అంటే తూటాలుండే గడుల చక్రాన్ని, ఒక గడి తిప్పుతుంది, తూటాని పేల్చే దెబ్బ కొట్టే హ్యామర్‌ని వెనక్కి లేపి వదులుతుంది. ఆ పనికి కావలసిన బలం మామూలుగా 10 నుంచి 14 పౌండ్లు, అంటే నాలుగున్నర నుంచి ఆరు కిలోల పైచిలుకు. హ్యామర్‌ని ముందే బొటనవేలితో లేపి పెట్టుకుంటే సింగిల్ యాక్షన్. అప్పుడు మూడు నాలుగు పౌండ్లు చాలు.

ఇప్పుడు లెక్క చూడండి. నాలుగు వందల గ్రాముల వస్తువు మీద మీ వేలు ఐదు కిలోల బలం వేస్తోంది. తుపాకీ బరువుకి పన్నెండు రెట్లు. మిగతా నాలుగు వేళ్లూ దాన్ని కదలకుండా పట్టుకోలేకపోతే బ్యారెల్ మూతి పక్కకో కిందకో జరిగిపోతుంది. చిన్న రివాల్వర్‌తో గురి తప్పడానికి అసలు కారణం పొట్టి బ్యారెల్ కాదు, ఇదే. బ్యారెల్‌ని బల్లకి బిగించి కాల్చితే రెండంగుళాలది కూడా ఆశ్చర్యపోయేంత దగ్గర దగ్గరగా వేస్తుంది.

కొనేముందు చేయాల్సిన పరీక్ష ఇది. సిలిండర్ తెరిచి ప్రతి గడీ ఖాళీయేనని కంటితో చూడండి, వేలితో తడిమి చూడండి. ఖాళీగా నొక్కడానికి దుకాణదారుని అనుమతి అడగండి, డమ్మీ తూటాలు ఉంటే వేయించుకోండి. మనుషులు లేని వైపు, తూటాని ఆపగల గోడ మీద ఒక చుక్కకి గురిపెట్టి డబుల్ యాక్షన్‌లోనే ఇరవై సార్లు ఆగకుండా నొక్కండి. చూపు ముందు సైట్ మీదే ఉండాలి. హ్యామర్ పడే క్షణంలో అది ఎగిరిందా, పక్కకి జరిగిందా? పన్నెండో పదిహేనో సారికి వేలు వణకడం మొదలైతే ఆ ట్రిగ్గర్ మీది కాదు. స్లైడ్ లాగే బలం లేదని రివాల్వర్ వైపు వచ్చే పెద్దవాళ్లు, కీళ్ల నొప్పులున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. స్లైడ్‌ని రెండు చేతులతో, ఒంటి బలంతో లాగవచ్చు. ట్రిగ్గర్‌ని మాత్రం ఒక్క వేలే నొక్కాలి.

ట్రిగ్గర్ మీద వేలు ఎక్కడ పడుతోందో కూడా చూడండి. డబుల్ యాక్షన్‌కి వేలి కొస కన్నా మొదటి కణుపు దగ్గర పడితే బలం అందుతుంది. కొస మాత్రమే అందుతుంటే ఫ్రేమ్ మీ చేతికి పెద్దది, లేదా పిడి లావుది. వేలు కణుపు దాటి లోపలికి వెళ్లిపోతుంటే పిడి మార్చితే సరిపోవచ్చు.

సింగిల్ యాక్షన్ తేలిగ్గా ఉందని దాన్ని చూసి కొనకండి. గుండె దడదడలాడుతున్నప్పుడు మూడు పౌండ్ల ట్రిగ్గర్ మీద వేలు పెట్టడం ప్రమాదం. హ్యామర్ లేపాక కాల్చే అవసరం పోతే దాన్ని బొటనవేలితో మెల్లగా దించాలి. తూటాలున్న తుపాకీతో, వణికే చేత్తో చేసే పని కాదది. ఒంటి మీద మోసేదానికైతే హ్యామర్ లోపలే దాగి ఉన్న రకం తీసుకోండి. బయటికి పొడుచుకొచ్చిన హ్యామర్ ముల్లు జేబు అంచుకో చొక్కా గుడ్డకో తగులుకుంటుంది. ఎల్‌సీఆర్, 642 రెండూ దాగిన రకాలే.

నొక్కడం ఎంత ముఖ్యమో వదలడం కూడా అంతే. కాల్చాక వేలిని సగం వదిలి మళ్లీ నొక్కేస్తే ట్రిగ్గర్ బిగుసుకుపోవచ్చు. లేదా హ్యామర్ లేవకుండానే సిలిండర్ ఒక గడి దాటిపోవచ్చు, బతికున్న తూటా ఒకటి కాలకుండా పక్కకి పోతుంది. కంగారులో వేగంగా కాల్చేవాళ్లు తరచూ చేసే తప్పు ఇది. ప్రతిసారీ ట్రిగ్గర్ పూర్తిగా ముందుకు రావాలి.

ట్రిగ్గర్ బరువు తగ్గిస్తామని ఇంట్లో స్ప్రింగ్‌లు మార్చుకోవద్దు. హ్యామర్ స్ప్రింగ్ మెత్తబడితే తూటాలో నిప్పు రాజేసే ప్రైమర్ మీద దెబ్బ చాలదు, కాల్చాల్సిన చోట టిక్కుమంటుంది. నునుపు చేయించాలనుకుంటే తెలిసిన తుపాకీ మెకానిక్ చేత చేయించి, ఆ తర్వాత మీరు వాడే తూటాలతోనే కనీసం వంద కాల్చి చూడండి.

ఫ్రేమ్, లోహం

స్మిత్ అండ్ వెసన్ ఫ్రేముల అక్షరాలే అందరి నోళ్లలో నలుగుతుంటాయి. జె చిన్నది, ఐదు గడులు. కె మధ్యస్థం, ఆరు. ఎల్ దానికన్నా బలిష్ఠం, ఆరు లేదా ఏడు. ఎన్ పెద్దది. జె పరిమాణానికి కాస్త అటూ ఇటూగా ఆరు గడులు ఇచ్చేవి కింబర్ కె6ఎస్, కోల్ట్ కోబ్రా, టారస్ 856. దాచుకునే చిన్న తుపాకీలో ఆరు గడులన్న ఆలోచన కొత్తదేమీ కాదు. కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ 1927లోనే ఆ పని చేసింది.

లోహం విషయంలో సూత్రం సూటిది. తేలికైనది మోయడానికి సుఖం, కాల్చడానికి నరకం. స్మిత్ అండ్ వెసన్ 340పీడీ స్కాండియం మిశ్రమంతో సుమారు 325 గ్రాములే ఉంటుంది, .357 మ్యాగ్నమ్ అనే బలమైన తూటా పడుతుంది. అందులో నిజంగా మ్యాగ్నమ్ వేసి రెండో సిలిండర్ నింపాలని కోరుకునేవాళ్లు అరుదు. సాధన చేయలేని తుపాకీ ఎంత శక్తిమంతమైనదైనా ఏం లాభం? అల్యూమినియం ఫ్రేమ్ మీ హద్దు అనుకోండి. దానికన్నా తేలికది అనుభవం వచ్చాక చూసుకోవచ్చు.

క్యాలిబర్

.38 స్పెషల్. చాలామందికి ఇక్కడితో ఆపేయవచ్చు.

అయినా పోలిక తెలియాలి. .357 మ్యాగ్నమ్ 1930ల నడుమ .38 కేసునే మూడు మిల్లీమీటర్లు పైగా పొడిగించి చేసినది. పొడిగించడానికి కారణం అది పొరపాటున .38 తుపాకుల్లో పట్టకూడదనే. గుండు (కేసులోంచి ఎగిరి వెళ్లే ముక్క) వ్యాసం రెండింటికీ ఒకటే, 0.357 అంగుళం. కాబట్టి .357 తుపాకీలో .38 కాల్చవచ్చు, .38 తుపాకీలో .357 కుదరదు. ఒత్తిడిలో తేడా చిన్నది కాదు. .38కి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు హద్దు, ఎక్కువ ఒత్తిడితో చేసే +పి రకానికి 20,000, మ్యాగ్నమ్‌కి 35,000.

పొట్టి బ్యారెల్‌లో మ్యాగ్నమ్ మందు పూర్తిగా కాలదు. మిగిలింది మూతి దగ్గర మంటగా, చప్పుడుగా బయటికొస్తుంది. చీకటి గదిలో అది కళ్లు చెదరగొడుతుంది. అడ్డు లేని చెవికి ఏ చేతి తుపాకీ అయినా హానికరమే. 140 డెసిబెల్స్ దాటిన ఒక్క చప్పుడు చాలు శాశ్వత నష్టానికి, రివాల్వర్లు దాన్ని సులువుగా దాటుతాయి. నాలుగు దిక్కులా గోడలున్న గదిలో మ్యాగ్నమ్ అన్నిటికన్నా ఘోరం. అందుకని .357 ఫ్రేమ్ కొని అందులో .38 +పి వాడటం మంచి పద్ధతి. బలమైన ఫ్రేమ్, కాస్త ఎక్కువ బరువు, తక్కువ తన్ను. ఒక జాగ్రత్త. .38 ఎక్కువగా కాల్చితే గడి లోపల ముందు భాగంలో మసి ఉంగరంలా కడుతుంది. దాన్ని బ్రష్‌తో తోమకుండా పొడవైన .357 వేస్తే కేసులు ఇరుక్కుంటాయి.

చేతుల్లో బలం తక్కువైతే .32 కుటుంబం చూడండి. .327 ఫెడరల్ మ్యాగ్నమ్ రివాల్వర్‌లో .32 హెచ్ అండ్ ఆర్ మ్యాగ్నమ్, .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ కూడా పడతాయి. తన్ను తక్కువ, పైగా ఐదు గడుల ఫ్రేమ్‌లో ఆరు ఇముడుతాయి. .22 రకంలో ఎనిమిది పడతాయి, తన్ను దాదాపు ఉండదు. కానీ దాని ప్రైమర్ మందు కేసు అంచు చుట్టూ ఉంటుంది, అది పేలకపోవడం మధ్య ప్రైమర్ తూటాలతో పోలిస్తే ఎక్కువ. ఆ అంచుని గట్టిగా కొట్టడానికి ట్రిగ్గర్ కూడా బరువుగానే పెడతారు. వేలు బలహీనమని .22 కొనేవాళ్లకి ఇది తెలియదు. 9 మిల్లీమీటర్ల రివాల్వర్లలో తూటాకి పట్టుకునే అంచు లేదు కాబట్టి మూన్ క్లిప్ అనే పల్చని రేకులో గుచ్చి వేయాలి. రీలోడ్ చాలా వేగం, కానీ ఆ రేకు వంగితే సిలిండర్ తిరగదు.

తూటాలు, వాటి పరీక్ష

రక్షణ తూటా జిలెటిన్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్నది ఎఫ్‌బీఐ పరీక్షల కొలబద్ద. రెండంగుళాల .38లో ఇబ్బంది ఏమిటంటే వేగం తక్కువ. బోలు ముక్కు గుండు దుస్తుల పీచు నిండి విచ్చుకోకుండా పోవచ్చు. పొట్టి బ్యారెల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసిన తూటాలు కొన్ని ఉన్నాయి, స్పీర్ గోల్డ్ డాట్ 135 గ్రెయిన్ల +పి వాటిలో పేరున్నది (గ్రెయిన్ అంటే గుండు బరువుకి కొలత). తన్ను భరించలేనివాళ్లకి 148 గ్రెయిన్ల వాడ్‌కటర్ నమ్మదగ్గది. దాని ముక్కు బల్లపరుపు, అది విచ్చుకోవాలన్న ఆశే పెట్టుకోదు, నేరుగా దిగుతుంది. కాకపోతే ఆ చదును ముక్కుతో కంగారులో గడిలోకి దూర్చడం కష్టం. వాడ్‌కటర్ తుపాకీలో, గుండ్రటి ముక్కువి జేబులో పెట్టుకునేది అందుకే.

గురి కూడా మారుతుంది. స్థిరమైన సైట్లున్న .38 తుపాకులను ఎక్కువగా 158 గ్రెయిన్ల గుండుకి సరిచేసి పంపుతారు. 110 గ్రెయిన్లది వేస్తే తూటా కిందికి తగులుతుంది. తేలిక గుండు వేగంగా వెళ్లిపోతుంది కదా, అది బ్యారెల్‌లో ఉన్నంతసేపట్లో మూతి అంత పైకి లేవదు, అదీ కారణం. మూడు రకాల బరువులు తెచ్చి ఏడు గజాల్లో కాల్చి మీ సైట్లకి ఏది కలుస్తుందో చూడండి.

తేలిక తుపాకులకు తప్పనిసరి పరీక్ష ఇంకొకటి ఉంది. తన్నుకి తుపాకీ వెనక్కి దూకినప్పుడు గడుల్లో మిగిలిన తూటాల కేసులు దాంతోపాటు వెనక్కి వస్తాయి, గుండ్లు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తాయి. కేసు బిగింపు వదులైతే గుండు మెల్లగా ముందుకి జారి, సిలిండర్ ముందు అంచు దాటి ఫ్రేమ్‌కి తగులుతుంది. అంతే, సిలిండర్ తిరగదు. బల్ల మీద పనిముట్లతో తప్ప అది విడవదు. పరీక్ష ఎలాగంటే, ఐదు వేసి ఒకదాని అడుగున గుర్తు పెట్టండి. నాలుగు కాల్చండి. ఐదోది తీసి కొత్త తూటా పక్కన నిలబెట్టి ఎత్తు చూడండి. అదే తూటాని ఉంచి ఇంకో నాలుగు కాల్చండి, మళ్లీ చూడండి. ఎత్తు కంటికి కనిపించేంత పెరిగితే ఆ తూటా ఆ తుపాకీకి పనికిరాదు. 340పీడీ బ్యారెల్ మీద 120 గ్రెయిన్ల కన్నా తేలిక గుండ్లు వాడవద్దని రాసి ఉండటానికి మాత్రం కారణం వేరు, తేలిక గుండ్ల మ్యాగ్నమ్ తూటాలు దాని టైటానియం సిలిండర్‌ని త్వరగా తినేస్తాయి.

గోడలను కూడా మర్చిపోవద్దు. పల్చటి గోడని ప్రతి రక్షణ తూటా దాటుతుంది. ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకుంటారో చూసుకుని ఎటు కాల్చకూడదో ముందే అనుకోవాలి.

చేతిలోకి తీసుకుని పరీక్షించడం

కొత్తదైనా పాతదైనా ఈ వరసలో చూడండి. పాతదైతే ఒక్కటీ వదలొద్దు. కావలసినవి చిన్న టార్చి, ఫీలర్ గేజ్ (సన్నని ఖాళీలు కొలిచే రేకులు), డమ్మీ తూటాలు.

1. సిలిండర్ తెరిచి ఖాళీ అని నిర్ధారించుకోండి. లాచ్ ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. స్మిత్ అండ్ వెసన్‌ది ముందుకి తోయాలి, కోల్ట్‌ది వెనక్కి లాగాలి, రూగర్‌ది లోపలికి నొక్కాలి.

2. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో కొలవండి. అంగుళంలో వెయ్యో వంతు లెక్కన 4 నుంచి 8 ఉంటే బాగుంది, అంటే 0.10–0.20 మిల్లీమీటర్లు. అంతకన్నా తక్కువైతే మసి పట్టి సిలిండర్ రాసుకుంటుంది. 10 దాటితే వదిలేయండి. ఈ ఖాళీ లోంచి ప్రతిసారీ వేడి గాలి, సీసపు తునకలు పక్కకి చిమ్ముతాయి. కాల్చేటప్పుడు వేలు ఎప్పుడూ సిలిండర్ ముందు అంచు దాటి ఉండకూడదన్నది అందుకే. మ్యాగ్నమ్ అయితే వేలి చర్మం చీరేస్తుంది.

3. మూసిన సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ కదపండి. ఆ కదలిక వెయ్యో వంతుల్లో 3 దాటితే, అంటే 0.08 మిల్లీమీటర్లు, అరుగుదల ఉన్నట్టే.

4. టైమింగ్. ప్రతి గడి మీదా హ్యామర్‌ని బహు మెల్లగా లేపండి. సిలిండర్ మీద వేలు తేలిగ్గా ఆనించి ఉంచండి. హ్యామర్ చివరికి వచ్చి నిలిచేలోపే కింద నుంచి బోల్ట్ గంటులో పడి సిలిండర్‌ని బిగించాలి. హ్యామర్ నిలిచాక కూడా సిలిండర్‌ని చేత్తో కాస్త తిప్పితేనే టక్కున పడుతుంటే టైమింగ్ వెనకబడింది. గడి బ్యారెల్‌కి సూటిగా రాకుండానే తూటా పేలవచ్చు, గుండు అంచు తెగి పక్కకి చిమ్ముతుంది. ఇక్కడ ఒక కిటుకు. ఖాళీ గడులతో చూస్తే కొన్ని తుపాకుల్లో ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం (కేసుల అంచులు పట్టి బయటికి తోసే ముక్క) కాస్త వదులుగా ఆడి, మంచి తుపాకీ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. డమ్మీలు వేసి మళ్లీ చూశాకే తీర్పు చెప్పండి. హ్యామర్ దాగిన రకమైతే ట్రిగ్గర్‌ని మెల్లగా నొక్కుతూ చూడాలి.

5. హ్యామర్ లేపి ఉంచి, ట్రిగ్గర్ ముట్టకుండా బొటనవేలితో వెనక నుంచి ఓ మోస్తరుగా నెట్టండి. పడిపోతే కొనకండి.

6. టార్చి వేసి బ్యారెల్ వెనక మొదలు, అంటే గుండు దూరే గరాటు మూతి చూడండి. పగుళ్లు, లోతైన గుంటలు ఉండకూడదు. పాత కె ఫ్రేమ్ .357 తుపాకుల్లో ఈ మూతి అడుగు భాగాన్ని చదునుగా కోసేవారు, అక్కడ లోహం పల్చన. వేగంగా వెళ్లే 125 గ్రెయిన్ల తూటాలు ఎక్కువగా కాల్చినవాటిలో సరిగ్గా అక్కడే పగిలేది. 1980ల మొదట్లో ఎల్ ఫ్రేమ్ రావడానికి ఈ తలనొప్పి ఒక కారణం. దాని పైన ఫ్రేమ్ అడుగున మంట కోసిన సన్నని గీత కనిపిస్తే భయపడక్కర్లేదు, కొంత లోతయ్యాక అది దాదాపు ఆగిపోతుంది.

7. సిలిండర్ తెరిచి తిప్పుతూ ఎజెక్టర్ రాడ్ కొస చూడండి. గుండ్రంగా తిరగకుండా ఊగుతుంటే రాడ్ వంగింది. సినిమాల్లోలా మణికట్టు విదిలించి సిలిండర్ మూసిన తుపాకుల్లో సిలిండర్‌ని ఫ్రేమ్‌కి కలిపి ఉంచే క్రేన్ కూడా వంగి ఉంటుంది. స్క్రూల గాట్లు చెదిరి ఉంటే ఇంట్లో ఎవరో లోపల వేలు పెట్టారని అర్థం.

8. చాలా పాత మోడళ్లలో కిందపడితే పేలకుండా ఆపే హ్యామర్ బ్లాక్ గానీ ట్రాన్స్‌ఫర్ బార్ గానీ ఉండదు. అలాంటివి అలంకారానికి బాగుంటాయి, ఒంటి మీదకి వద్దు.

పిడి, సైట్లు

పిడి మార్చడం అన్నిటికన్నా చవకైన మెరుగు. వెనక లోహపు వీపు తెరిచి ఉంటే తన్ను నేరుగా బొటనవేలి మొదట్లో ఎముకకి తగులుతుంది. దాన్ని కప్పే రబ్బరు పిడి వేస్తే సగం ఏడుపు తగ్గుతుంది. జేబు కోసమైతే రబ్బరు గుడ్డకి అంటుకుంటుంది, అక్కడ నున్నటి చెక్క నయం. పట్టు వీలైనంత పైకి ఉండాలి. పిడి ఎడమ రేకు లావుగా ఉండి స్పీడ్‌లోడర్‌కి (తూటాలన్నీ ఒకేసారి గడుల్లో వేసే పరికరానికి) అడ్డం వస్తోందేమో కొనేముందే చూడండి, చాలామంది కొన్నాక చూస్తారు.

చిన్న రివాల్వర్ల మీద వెనక సైట్ అంటే ఫ్రేమ్ పైన కోసిన గాడి, అంతే. ముందు సైట్ పిన్‌తో బిగించిన రకమైతే మంచిది, మెరిసేదో రాత్రి వెలిగేదో మార్చుకోవచ్చు. ఫ్రేమ్‌తో కలిసిపోయినదైతే తెల్లరంగు మీద నారింజ గోళ్లరంగు రెండు పూతలు వేయండి. పనిచేస్తుంది.

ఒర

ఒరకి ఉండాల్సిన మొదటి గుణం ట్రిగ్గర్ గార్డ్‌ని పూర్తిగా కప్పడం. జేబులో పెట్టేవాళ్లు జేబు ఒర తప్పక వాడాలి, ఆ జేబులో తాళంచెవి, నాణెం, ఏదీ ఉండకూడదు. తుపాకీ తీసినప్పుడు ఒర జేబులోనే ఉండిపోవాలి. చేత్తో వందసార్లు ఖాళీగా తీసి చూస్తే అది నిజమో కాదో తెలుస్తుంది. ఐదు గడుల సిలిండర్ మందం 33 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. నడుము లోపల పెట్టుకుంటే ఆ ఒక్కచోటే ఉబ్బు కనిపిస్తుంది కాబట్టి ఆ భాగం బెల్టు గీతకి పైకి గానీ కిందికి గానీ వచ్చేలా ఒర ఎత్తు సరిచేసుకోండి. బెల్టు గట్టిది కావాలి, మెత్తటి బెల్టుకి మంచి ఒర కూడా వేలాడుతుంది. కూర్చుని ఉండేవాళ్లకి మడమ ఒర బాగానే ఉంటుంది, నిలబడి ఉన్నప్పుడు మాత్రం అందదు.

జేబులో ఉండగానే, లేదా ఒంటికి ఆనించి ఉండగా కూడా కాల్చగలగడం రివాల్వర్‌కున్న అసలైన మేలు. సెమీ ఆటోమేటిక్ స్లైడ్ దేనికైనా ఒత్తుకుంటే అది పనిచేయకపోవచ్చు.

మళ్లీ నింపడం

కుడిచేతి వాళ్లకి క్రమం ఇదీ. కుడి బొటనవేలితో లాచ్ తీయండి. ఎడమ నడిమి వేలు, ఉంగరపు వేలు ఫ్రేమ్ కిటికీలోంచి దూర్చి సిలిండర్‌ని బయటికి తోసి పట్టుకోండి. మూతి నిటారుగా ఆకాశం వైపు తిప్పండి. కుడి అరచేత్తో రాడ్ మీద ఒక్కటే దెబ్బ, గట్టిగా. వెంటనే మూతి నేలవైపు తిప్పి, కుడిచేత్తో తూటాలు అందుకుని గడుల్లో వదలండి. ఎడమచేత్తో మెల్లగా మూయండి.

మూతి ఎందుకు పైకి ఉండాలి? అడ్డంగా పట్టుకుని నెట్టితే ఒక కేసు నక్షత్రం కిందికి జారి ఇరుక్కుంటుంది. కాలని మందు పలుకులు కూడా అక్కడే చేరతాయి. నువ్వుగింజంత పలుకు ఒక్కటి చాలు, నక్షత్రం పూర్తిగా కూర్చోదు, సిలిండర్ మూసుకోదు, మూసుకున్నా తిరగదు. పాత పళ్లు తోముకునే బ్రష్‌తో ఆ చోటు ప్రతి యాభై తూటాలకోసారి దులపండి. అప్పుడే రాడ్ మర వదులైందేమో కూడా చూడండి. అది విప్పుకుని ముందుకు వస్తే సిలిండర్ తెరుచుకోదు. మర ఎటు తిరుగుతుందో కంపెనీని బట్టి మారుతుంది, తెలుసుకోకుండా ప్లయర్‌తో తిప్పకండి.

స్పీడ్‌లోడర్లలో హెచ్‌కేఎస్ రకానికి మీట తిప్పాలి, సఫారీల్యాండ్ రకానికి లోపలికి నొక్కితే చాలు. ఇంటికైతే ఏదైనా సరే. జేబుకి రబ్బరు పట్టీ బాగుంటుంది, పల్చగా ఉంటుంది, రెండేసి తూటాలు ఊడదీసి వేయవచ్చు.

సాధన

తూటాలన్నీ వేరే గదిలో పెట్టి వచ్చి, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని రోజూ ఐదు నిమిషాలు. ముందు సైట్ మీద చిన్న నాణెం నిలబెట్టి, అది పడకుండా డబుల్ యాక్షన్‌లో నొక్కండి. పది వరసగా నిలిస్తే ఫైరింగ్ రేంజ్‌కి వెళ్లండి. అక్కడ లక్ష్యం గుర్తుపెట్టుకోవడం తేలిక. ఐదు గజాలు, ఐదు తూటాలు, ఐదు సెకన్లు, ఐదంగుళాల వలయం. జె ఫ్రేమ్‌తో ఇది వరసగా నాలుగుసార్లు చేయగలిగితే ఆ తుపాకీ మీకు కుదిరినట్టే. నెల తిరిగినా రాకపోతే బరువైన తుపాకీకి మారండి, మొండితనం వద్దు. ఇంటి తుపాకీ అయితే ఎడమచేత టార్చి పట్టుకుని కుడిచేత్తో ఒంటిగా కూడా కాల్చి చూడండి. రివాల్వర్లకి దీపం బిగించే చోటు సాధారణంగా ఉండదు.

ఇంట్లో ఉంచడం

పన్నెండు పౌండ్ల ట్రిగ్గర్ చిన్నపిల్లలు నొక్కలేరన్న ధీమా వద్దు. వాళ్లు తుపాకీని తమవైపు తిప్పుకుని రెండు బొటనవేళ్లతో నొక్కుతారు. దిండు కిందా బీరువా పైనా కాదు, మంచానికో గోడకో బిగించిన, మీటలతోనో వేలిముద్రతోనో తెరుచుకునే పెట్టెలో ఉంచండి. వాడనప్పుడు సిలిండర్ తెరిచి ఫ్రేమ్ కిటికీలోంచి తాళపు తీగ దూర్చితే మూయడానికే కుదరదు.

జేబులో మోసే తుపాకీలోకి గుడ్డ నూగు చేరుతుంది. వారానికోసారి తూటాలు తీసి గడులు, బ్యారెల్, హ్యామర్ చుట్టూ ఊది, పొడిగుడ్డతో తుడవండి. నూనె చుక్క క్రేన్ ఇరుసుకీ రాడ్‌కీ చాలు. గడుల్లో నూనె ఉంచకండి, అది ప్రైమర్‌లోకి ఇంకితే తూటా చచ్చిపోతుంది. చెమట తగిలి కేసులు పచ్చబడినా, గుండు ముందుకి జరిగినట్టు అనిపించినా వాటిని సాధనలో కాల్చేసి కొత్తవి వేసుకోండి.